పేర్లు విదిలించుకునే కొండ

చదివే అమ్మలకీ అయ్యలకీ ముందుగా ఒక మాట. నేను అక్షరాలు దిద్దుకున్నది యాభై ఎనిమిదో ఏట. ఇప్పటికీ నా ఒత్తులు కుదురుగా కూర్చోవు. శ కీ ష కీ మధ్య తగువు నా దగ్గర ఇంకా తీరలేదు. తప్పులుంటే దిద్దుకుని చదువుకోండి. పేజీ రాయడానికి నాకు రెండు పూటలు పడుతుంది. ఈ ప్రకరణంలో రాకుమారుడు తెల్లవారి బయలుదేరి మధ్యాహ్నానికల్లా కొండెక్కేశాడు. అదే కొండ కాగితం మీద ఎక్కడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఆలస్యానికి మన్నించండి.

సువర్ణకేదార రాజ్యపు యువరాజు మణిధరుడు, సంగడు అనే ఉప్పు వ్యాపారి వేషంలో, గాడిద మీద రెండు మూటలతో కొండ కింది గూడేనికి చేరాడని చెప్పుకున్నాం. అతను వచ్చిన పని ఒక్కటే. ఆ కొండ నెత్తి మీద పుట్టిన వెన్నేరు కిందికి దిగి సువర్ణకేదారంలో ప్రతి మడినీ తడుపుతుంది. కాకోలుడనే మాంత్రికుడు ఆ ఏటిని కాజేయాలని బయలుదేరాడు. కొండకి తన పేరు పెట్టాలి. ఆ పేరు రాగిరేకు మీద చెక్కి శిఖరాన నాటాలి. మనిషి నీడ పాదాల కిందికి ముడుచుకునే మిట్టమధ్యాహ్నం వేళ ఆ పేరుతో మూడుసార్లు పిలవాలి. మూడో పిలుపుతో కొండ అతని దాసి అవుతుంది, ఏరు అతని చెంబులోకి దిగుతుంది. ఆ ముహూర్తం ఈ రోజే.

తూర్పు ఎరుపెక్కగానే మణిధరుడు కొండని మొదటిసారి నిండుగా చూశాడు. దక్షిణం నుంచి చూస్తే అది కొండలా లేదు. ముసుగు వేసుకుని, ఒక మోకాలు ముడిచి, ఒక కాలు చాపుకుని కూర్చున్న పెద్దావిడలా ఉంది. చాపిన కాలి మీదుగా వెదురు తోపులు పచ్చటి చీర అంచులా దిగాయి. ముడిచిన మోకాలు నున్నటి ఎర్రబండ. ఒడిలో పాలపొంగులాంటి పొగమంచు. నెత్తి మీద తెల్లమబ్బు ఒకటి ఎప్పుడూ కదలక నిలిచి ఉంటుంది. అక్కడి గాలి పక్షిని ఎగరనివ్వదు. గద్దలు కూడా శిఖరం దగ్గరికి వచ్చేసరికి కిందికి దిగి, రెక్కలు ముడుచుకుని, బుద్ధిగా నడిచి అవతలికి పోతాయి.

అతనికి దారి చూపడానికి ఒప్పుకున్నది బూదెమ్మ. యాభై ఏళ్ళ మనిషి, బొద్దుగా ఉంటుంది, తేనెపట్లు తీయడం వృత్తి. భుజాన గొంగడి, చేతిలో పొగ కుంచె, నోట్లో ఎప్పుడూ ఏదో ఒక మాట.

"చెప్పులు ఇక్కడే వదిలెయ్యి సంగన్నా. కత్తీ కటారూ ఉంటే అవీ ఇక్కడే. ఇది వాకిలి."

"వాకిలేంటి పిన్నీ, ఇదంతా గడ్డి మైదానమైతే."

పిన్నీ అనమన్నది ఆమే. అమ్మా అంటే ముసలిదాన్నైపోతానంది, అక్కా అంటే ఇంట్లో ఆయన నవ్వుతాడంది.

"ఆవిడ ఇల్లు ఇది. ఇది వాకిలి, ఆ పైన బల్లపరుపుగా కనపడేది అరుగు, కనుమ దగ్గర గడప, లోపల వంటిల్లు, అన్నిటికంటే పైన అటక. ఉత్తరాన అరటి అడవి పెరడు. మేమంతా ఆవిడ కోడళ్ళం. అడుగు తప్పామంటే ఊరుకోదు. పిల్లల్నైతే అసలు వాకిలి దాటి పైకి ఎక్కనివ్వం."

"ఆవిడంటే ఎవరు? కొండ పేరేంటి?"

బూదెమ్మ అరచేత్తో నోరు కప్పుకుని, చుట్టూ చూసి, అతని వీపు మీద ఒక్కటి వేసింది. "అత్తగారి పేరు కోడలు పలుకుతుందా? నీకు చెప్పినవాళ్ళు లేరా ఏం?"

వాకిలి చివర ఒక పెద్ద నల్లరాయి వెల్లకిలా పడి ఉంది. దాని మీద ఎవరో కొర్రలు ఆరబోశారు. గింజల మధ్య నుంచి 'జయస్తంభగిరి' అనే అక్షరాలు తొంగిచూస్తున్నాయి. మణిధరుడికి ముఖం వేడెక్కింది. ఆ రాయి చెక్కించింది అతని తాత రణభీమ మహారాజు.

"అదా," అంది బూదెమ్మ కొర్రల్ని కాలితో ఎగదోస్తూ. "సువర్ణకేదారం రాజు పైకి మోయించాడు. మొదటి వానకే ఆవిడ భుజం విదిలిస్తే దొర్లుకుంటూ వచ్చి ఇక్కడ పడింది. మంచి చదునైన రాయి. ఆయన పుణ్యమా అని మా గింజలు బాగా ఆరుతున్నాయి. ఆ తరవాత ఉత్తరాది రాజొకడు వచ్చి రిపుభంజనమని పేరు పెట్టాడు. ఆ రాయి కోళ్ళగూటికి తలుపైంది. బాటసారులు ఆ మబ్బుని చూసి ఉప్పుమూట అంటారు. పటాలు గీసేవాళ్ళు వచ్చి పేరేంటని అడిగితే మా ఆడవాళ్ళందరం నోరు మూసుకుని నవ్వాం. వాళ్ళు మూగకొండ అని రాసుకుపోయారు. ఎవరి పేరూ మూడు వానలు నిలవలేదు."

"మీకు అసలు పేరు తెలుసా?"

"కాపురానికి వచ్చిన రోజు చెవిలో ఒక్కసారి చెప్తారు. మళ్ళీ పలకం. రాయి దొర్లి పడ్డాక ఆ జయస్తంభం రాజు మా మామగారిని రెండేళ్ళు కోట కొట్లో పెట్టాడు, అసలు పేరు చెప్పమని. ఆయన చెప్పలేదు. తిరిగొచ్చాక రెండేళ్ళ కూడు మిగిలిందే అని మా అత్తతో నవ్వాడు గానీ, చీకటి గదిలో పడుకోలేకపోయేవాడు పాపం."

మణిధరుడు ఆ రాయి దాటి గబగబా నడిచాడు.

వెదురు తోపు దాటి అరుగు ఎక్కేసరికి పొద్దు బారెడెక్కింది. అరుగంటే ఏనుగుల బారు నిలబడేంత వెడల్పైన బండ. దాని మీదికి వంగిన కొండ కప్పుకి ముప్పై నలభై తేనెపట్లు ఎర్రటి తోరణాల్లా వేలాడుతున్నాయి. సగం దూరం నడిచారో లేదో, ఆకాశం గీరినట్టు చప్పుడైంది. లోయలోంచి కాకుల గుంపు లేచింది. మామూలు కాకులు కావు, ఇనుప ముక్కులవి. కాకోలుడు కాపలాకి వదిలినవి. మొదటి కాకి పొడిస్తే బండ మీద నిప్పులు రాలాయి. రెండోది మణిధరుడి తలపాగా ఎగరేసుకుపోయింది.

"కత్తి కింద వదిలించావు కదా పిన్నీ," అన్నాడతను రాయి చేతిలోకి తీసుకుంటూ.

"కత్తితో ఎన్నింటిని నరుకుతావు? ఆ రాయి ఇటియ్యి. ఇచ్చి కూర్చో. కదిలావో, చచ్చావే."

బూదెమ్మ తేనెపట్ల వంక చూసి, "తల్లులారా, తేనె కోసం రాలేదు. పనుండి లేపుతున్నాను, ఏమనుకోకండి," అని నెమ్మదిగా చెప్పి, అన్నిటికంటే పెద్ద పట్టు మీదికి రాయి విసిరింది. మరుక్షణం ఇద్దరి మీదా గొంగడి కప్పేసింది. అరుగంతా మోగిపోయింది. తేనెటీగ కదిలేదాన్ని పట్టుకుంటుంది, కదలని దాన్ని వదిలేస్తుంది. కాకులు కదలకుండా ఎలా ఉంటాయి? ముక్కులు ఇనుమే గానీ కళ్ళు ఇనుము కావు. గొంగడి కన్నంలోంచి చూస్తూ ఉంటే గుంపంతా కావుమంటూ లోయ దాటి, పొలిమేర దాటి, కనుచూపు దాటి పోయింది.

"ఒకటి నా మోచేతి మీద కుట్టింది పిన్నీ."

"కుట్టనీ. నిన్ను గుర్తు పెట్టుకుంటాయిలే."

కనుమ దగ్గర దారి ఒక చీలికలోకి దూరింది. రెండు పక్కలా ఆకాశాన్నంటే గోడలు. మధ్యలో మనిషి పట్టేంత సందు. ఆ సందుకి అడ్డంగా, నడుం మీద చెయ్యేసుకుని నిలబడ్డట్టు ఒక నిలువురాయి.

"ఇది ఆడపడుచు బండ," అంది బూదెమ్మ, పైట సర్దుకుంటూ. "పెళ్ళయి గడపలో అడుగు పెట్టేటప్పుడు ఆడపడుచు తలుపుకి అడ్డం నిలబడి పేర్లు చెప్పించదూ? ఇదీ అంతే. నీ పేరు, నీతో వచ్చినవాళ్ళ పేరు చెప్పాలి. నిజం చెప్తే దారిస్తుంది. అబద్ధమాడితే జానెడు దగ్గరికి జరుగుతుంది. మూడుసార్లు జరిగిందంటే సందు మూసుకుంటుంది. ముందు నేను చెప్తా చూడు."

ఆమె బండ ముందు నిలబడి, సిగ్గుపడుతూనే గొంతెత్తింది.

"పుట్ట మీద పూసింది పున్నాగ పువ్వు, పోలయ్య పెళ్ళాన్ని బూదెమ్మని, పక్కకి జరుగు నువ్వు. నా వెంట వచ్చినవాడు..." అని ఆగి, "వీడి పేరు వీడే చెప్తాడు," అంది.

బండ గరగరమంటూ కొంచెం పక్కకి ఒరిగింది. బూదెమ్మ అవతలికి దాటి నిలబడింది.

"నేను ఉప్పు అమ్మే సంగణ్ణి," అన్నాడు మణిధరుడు. "నాతో వచ్చింది బూదెమ్మ పిన్ని."

బండ జానెడు దగ్గరికి జరిగింది. అతని ఛాతీ నొక్కుకుంది.

"సంగడు, ఊరు సువర్ణకేదారం," అన్నాడు. ఊరు నిజమే గాని, బండ ఇంకో జానెడు జరిగింది. ఈసారి ఊపిరి సగమే ఆడింది. అసలు పేరు చెప్తే బూదెమ్మ ఇక్కడే వదిలేసి తన దారిన పోతుంది. ఆమె మామ రెండేళ్ళు చీకట్లో కూర్చున్నది తన తాత కోటలోనే. చెప్పకపోతే ఏరు పోతుంది. గోడల మధ్య కనపడే ఆకాశపు పీలికలో సూర్యుడు అప్పుడే అంచుకి వచ్చాడు.

"మణిధరుణ్ణి," అన్నాడు. "సువర్ణకేదారం యువరాజుని. జయస్తంభం రాయి మోయించిన రణభీముడి మనవణ్ణి."

బండ కిర్రుమని పూర్తిగా పక్కకి తప్పుకుంది. అతను అవతల పడి, మోకాళ్ళ మీద లేచి, తల దించుకున్నాడు. "నన్ను వదిలేసి వెళ్ళినా తప్పు లేదు పిన్నీ. దారి మాత్రం చేత్తో చూపించు."

బూదెమ్మ అతని జుట్టులో చిక్కిన తేనెటీగ రెక్క తీసి పారేసింది.

"నిన్నటి నుంచే తెలుసు. దీపాలు పెట్టాక మా వీధిలో ఉప్పో ఉప్పు అని అరిచావు. లోకంలో ఏ ఉప్పు వ్యాపారీ దీపాలు పెట్టాక ఉప్పు కొలవడు, ఆ మాట పలకడు, బుట్టలోది అంటాడు. మా తోటికోడలు నవ్వలేక కుండ పగలగొట్టుకుంది. పైగా గాడిదని 'అశ్వమా' అన్నావు."

"తెలిసీ ఎందుకు వచ్చావు?"

"మీ తాత పేరు అడిగాడు. నువ్వు దారి అడిగావు. పద, పొద్దెక్కుతోంది."

గడప లోపల వంటిల్లు. మూడు కొండగుట్టలు పొయ్యిరాళ్ళలా నిలబడి ఉన్నాయి. వాటి మధ్య చెరువంత గుంట కుతకుత ఉడుకుతోంది. ఆవిరి తాటిచెట్టంత ఎత్తు లేస్తోంది. దాటడానికి గుంట అంచున చేరెడు వెడల్పు దారి. అక్కడ ముగ్గురు మనుషులు చెమటలు కక్కుతూ, ఎండుకట్టెలు ఏరి రాళ్ళ సందులోకి తోస్తున్నారు. నల్లబట్టలు, మెడలో ఎముకల దండలు. కాకోలుడి శిష్యులు.

మణిధరుడు పిడికిలి బిగించాడు. వాళ్ళు కట్టెలు తోయడం మాత్రం ఆపలేదు.

"మమ్మల్ని కొట్టేటట్టయితే కొంచెం పక్కకి నిలబడి కొట్టు నాయనా, పని ఆగుతుంది," అన్నాడు వాళ్ళలో ముసలాయన.

బూదెమ్మ విరగబడి నవ్వింది. "పెరటి దారిన వచ్చారా?"

"అవును తల్లీ. మా గురువు తన కన్నవాళ్ళు పెట్టిన పేరు ఎప్పుడో అమ్మేసుకున్నాడు, కాకోలుడన్నది తెచ్చిపెట్టుకున్న పేరు, దానితో గడప దాటలేడు. రాబందు మీద అరటి అడవిలో దిగాం. పెరటి దారిన వచ్చిన వాళ్ళకి ఈవిడ పని చెప్తుందని ఆయనకి తెలుసు. మమ్మల్ని ముందు నడవమన్నాడు. పని మాకు తగులుకుంది. ఆయన చల్లగా దాటిపోయాడు."

"ఎంతసేపైంది?"

"రెండు మోపుల కట్టెలంత సేపైంది."

గుంట పొంగే ముందు మూడుసార్లు గుటకలు వేస్తుంది. మూడో గుటకకి నీరు అడుగుకి దిగుతుంది. బూదెమ్మ మణిధరుడి చెయ్యి పట్టుకుని లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు అనగానే ఇద్దరూ పరుగు. వాళ్ళ మడమలు అవతలి గట్టుకి తగిలేసరికి వెనకాల పొంగు కొండంత లేచి, కట్టెల ముసలాయన "అన్నం పొంగింది, వార్చండ్రా" అని అరవడం వినపడింది.

అక్కడి నుంచి అటక దాకా నిట్టనిలువు రాతి మెట్లు. గాలి చెంపల మీద కొడుతోంది. ఒక గద్ద వాళ్ళ పక్కనే, తలొంచుకుని, ఒక్కో మెట్టూ ఎక్కుతోంది. దానిని దాటుకుని పైకి చేరారు.

అటక నాలుగు కళ్ళాలంత చదునైన చోటు. పైన ఆ తెల్లమబ్బు పందిరిలా ఉంది. దాని నడిమధ్య చిల్లులోంచి ఎండ ఒక్క కిరణంగా దిగుతోంది. కిరణం పడేచోట, చేటంత గుంటలో, వెన్నేరు పుట్టే ఊట. నీళ్ళు వెన్నెల కరిగించి పోసినట్టున్నాయి. ఊట పక్కన రాగిరేకు నాటి ఉంది. దాని చుట్టూ నిలువెత్తు నీలిమంటల వలయం. వలయంలో కాకోలుడు. ఎండిన మునక్కాడలాంటి మనిషి, మోకాళ్ళ దాకా గడ్డం, చేతిలో నల్లచెంబు. అతని నీడ అప్పటికే అడుగు కంటే పొట్టిగా ఉంది.

"కాకోలశైలమా," అని పిలిచాడు.

కొండ నిద్రలో ఊకొట్టినట్టు చిన్నగా అదిరింది. ఊటలో మూడో వంతు నీళ్ళు లేచి, తెల్లటి తాడులా పేనుకుని చెంబులోకి దూకాయి.

మణిధరుడు మంటల్లోకి దూకబోయాడు. గాలి అతన్ని ఎత్తి పది బారల అవతల కుదేసింది. మళ్ళీ లేచాడు. రాయి విసిరాడు. రాయి మంటలో ఆవిరైంది.

"ఆలస్యమైంది ఉప్పువాడా," అని కాకోలుడు నవ్వాడు. "కాకోలశైలమా."

కొండ ఇంకోసారి అదిరింది. ఇంకో మూడో వంతు నీళ్ళు చెంబులోకి పోయాయి. కింద, చాలా కింద, వెన్నేరు తీగలా సన్నబడటం అటక మీద నుంచే కనపడింది.

"పిన్నీ, నువ్వు పిలువు. అసలు పేరు నీకు తెలుసు."

బూదెమ్మ అరచేత్తో నోరు కప్పుకుంది. పుట్టి బుద్ధెరిగాక ఆమెకి మాట తడబడటం అదే మొదటిసారి. "పలకలేను నాయనా. నోరు రాదు. అత్తా అని పిలుద్దామన్నా, అత్తగారు పడుకుని ఉంటే కోడలు లేపకూడదు. మా కోడళ్ళలో ఒక్కతీ ఆవిడని లేపింది లేదు. లేపినా మా మాట వింటుందా. ఏ అత్త విన్నది కోడలి మాట."

కాకోలుడి నీడ బెత్తెడుంది. తరవాత నాలుగు వేళ్ళంత. అతను మూడోసారికి ఊపిరి పీల్చుకున్నాడు.

మణిధరుడికి అప్పుడు తట్టింది. తను గడపలో పేరు చెప్పి దాటాడు. బూదెమ్మ తనకి పిన్ని. పిన్నికి అత్తగారంటే తనకి ఎవరు? ఈ కొండ మీదికి గూడెంవాళ్ళు పిల్లల్ని ఎక్కనివ్వరు. వెయ్యేళ్ళుగా ఈ ఇంట్లో కోడళ్ళే తిరిగారు, వచ్చిన రాజులంతా పేర్లు తెచ్చారు. ఆ ఒక్క పిలుపు పిలిచినవాడు లేడు.

నేల మీద బోర్లా పడి, చెంప రాతికి ఆనించి, చిన్నప్పుడు ఎండలో ఆడుకుని వచ్చి గుమ్మంలో నిలబడి పిలిచినట్టు పిలిచాడు.

"అవ్వా. దాహమేస్తోంది."

గాలి ఆగింది. మెట్ల మీది గద్ద తలెత్తింది. కాకోలుడి నోరు తెరుచుకునే ఉంది, మాట మాత్రం రాలేదు. రాగిరేకు ఎండుటాకులా చుట్టుకుని, తనంతట తనే ఊడి పడింది. నీలిమంటలు ఊదిన దీపాల్లా ఆరిపోయాయి.

"ఎవరు నాయనా?" అంది కొండ.

ఆ గొంతు చెవులకి కాదు, అరికాళ్ళకి వినపడింది. నిద్ర తీరని గొంతు. అయినా కోపం లేదు.

"నేను అవ్వా, మణిధరుణ్ణి. బూదెమ్మ పిన్నితో వచ్చాను."

"ఎండన పడి వచ్చావా. ఉండు, నీళ్ళిస్తా." నేల కింద ఏదో తడుముకున్నట్టయింది. ఊట గుంటలో అడుగున చారెడు నీళ్ళు మాత్రమే మెరిశాయి. "నా నీళ్ళేవే బూదెమ్మా? చెంబేది?"

బూదెమ్మ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, అత్తగారు ముందుగా పలకరించింది కనక ఇక ఆగనక్కర్లేదని, వెయ్యేళ్ళ కోడళ్ళందరి తరఫునా చెయ్యి చాపి చూపించింది.

"అదిగో అత్తా, ఆ గడ్డపోడు ఎత్తుకుపోతున్నాడు."

కాకోలుడు అప్పటికే నల్లచెంబు గుండెకి అదుముకుని ఉత్తరపు అంచుకి పరుగెత్తాడు. చెంబులో ఏటి హోరు. అంచు కింద, గాలి అందని చోట, రాబందు రెక్కలు చాచి కాచుకుని ఉంది. అతను దూకాడు. రాబందు అతన్ని వీపున వేసుకుని అరటి అడవి మీదుగా, నల్లటి చుక్కలా, ఉత్తరానికి దూసుకుపోయింది.

మణిధరుడు అంచు దాకా వచ్చి ఆగిపోయాడు. కింద మేఘాలు తప్ప ఏమీ లేవు. "పోయింది పిన్నీ."

"ఏదైనా గట్టిగా పట్టుకో," అంది బూదెమ్మ. ఆమె అప్పటికే ఒక బండని రెండు చేతులా వాటేసుకుంది.

"ఎందుకు?"

"మనవడు దాహమన్నాక ఏ అవ్వ కూర్చుంటుంది?"

కింద వంటింట్లో శిష్యుల చేతుల్లోంచి కట్టెలు జారాయి. గడపలో ఆడపడుచు బండ తనంతట తనే పక్కకి ఒత్తిగిలింది. వాకిట్లో జయస్తంభం రాయి మీది కొర్రలు గుప్పెడెత్తు ఎగిరి పడ్డాయి. ఎప్పుడూ కదలని తెల్లమబ్బు జారి భుజాల మీద పడింది. వెదురు తోపుల చీర అంచు గలగలమంటూ పైకి లేచింది. వెయ్యేళ్ళుగా కూర్చున్న ఆ పెద్దావిడ ఎర్రబండ మోకాలి మీద చెయ్యి ఆనించి, "అబ్బా" అని ఒక్క మూలుగు మూలిగి, నెమ్మదిగా లేచి నిలబడి, ఉత్తరం వైపు మొదటి అడుగు వేసింది.

కొత్తకోట తిరుపతమ్మ,
వయసు అరవై ఎనిమిది,
ప్రస్తుతం ఉండేది పాలకొండలో, నాకు అక్షరాలు నేర్పిన మా పెద్దకోడలి ఇంట్లో.